ఈఎమ్ఐ మాది, పెత్తనం మీదా?

సికింద్రాబాదు నుంచి కాచిగూడ వైపు వెళ్ళే లోకల్ రైలెక్కితే ఆర్ట్స్ కాలేజీ స్టేషను తర్వాత జామై ఉస్మానియా వస్తుంది. అసలు మాట జామియా. అరబ్బీలో విశ్వవిద్యాలయం అని అర్థం. మన హైదరాబాదు నోళ్ళలో నానీ నానీ జామై అయి కూర్చుంది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చిరునామాలో కూడా అలాగే రాస్తారు. ఉర్దూలో జమాయీ అంటే అల్లుడు. నేను ఉస్మానియాలో ఇంజనీరింగు చదివే రోజుల్లో ఎవడైనా ఆ స్టేషన్లో దిగి వస్తే "అల్లుడుగారు వేంచేశారు" అని ఏడిపించేవాళ్ళం. ఏం ఖర్మో, ఇప్పుడు అదే తార్నాకలో నేనే నిజం అల్లుణ్ణి. అల్లుణ్ణి దశమగ్రహం అన్నారు పెద్దలు. మిగతా తొమ్మిది గ్రహాలూ మా ఇంట్లో ఏ మూల ఉండాలో కూడా ఆ పెద్దలే నిర్ణయిస్తున్నారు. అదీ సమస్య.

ముందు జరిగింది చెప్తాను, తర్వాత తిట్లు.

మా ఆవిడా నేనూ ఇద్దరం సాఫ్ట్‌వేరే. ఇద్దరి ఆఫీసులూ రాయదుర్గం వైపు. నాగోలు నుంచి రాయదుర్గం దాకా మెట్రో ఉంది కాబట్టి, గచ్చిబౌలి రేట్లు మన తాహతు కాదు కాబట్టి, తార్నాకలో ఒక పాత అపార్టుమెంటులో రెండు బెడ్రూముల ఫ్లాటు కొన్నాం. అన్ని ఖర్చులూ కలిపి 75 లక్షలు. బ్యాంకు అప్పు 50. మేమిద్దరం దాచుకున్నది 10. మామగారు ఇచ్చింది 10. మా నాన్న ఇచ్చింది 5. ఈఎమ్ఐ నెలకి 44 వేల చిల్లర, చెరి సగం కడతాం. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఒక శనివారం పొద్దున్నే ఇద్దరం క్యాంపస్‌లో వాకింగుకి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. వంటింట్లోంచి సుత్తి చప్పుడు. లోపల మామగారు, ఒక తాపీమేస్త్రి, ఇంకో కుర్రాడు. గట్టు మీది గ్రానైటు బండ రెండు ముక్కలై గోడకి ఆనించి ఉంది. స్టవ్వు ఆగ్నేయంలో లేదట. "మీకెందుకు బాబూ శ్రమ, సాయంత్రానికల్లా అయిపోతుంది, మీరు హాల్లో కూర్చోండి" అన్నారు. నా ఇంట్లో నన్ను కూర్చోమని మర్యాద చేశారన్నమాట!

తాళం ఎలా వచ్చిందంటే, మేమే ఇచ్చాం. వాళ్ళుండేది నాచారంలో, పక్కనే కదా, అవసరానికి ఒకటి ఉంటుందని.

మా ఆవిడ "నాన్నా, ఒక్క మాట అడిగి ఉండాల్సింది" అంది. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "నా కూతురింటికి నేను అడిగి రావాలా? పది లక్షలిచ్చినప్పుడు నేనేమన్నా అడిగానా?"

ఆ సాయంత్రం నేను ఖమ్మంలో ఉన్న మా అమ్మకి ఫోన్ చేసి గంటసేపు వాపోయాను. అమ్మ శ్రద్ధగా విని, "వాళ్ళకి తాళంచెవి ఎందుకిచ్చావురా? నెత్తినెక్కించుకున్నావు, అనుభవించు" అంది. నాకు హాయిగా అనిపించింది. నా పక్షాన ఒక మనిషి ఉందని.

మర్నాడు మళ్ళీ వాకింగు. లా కాలేజీ దగ్గరికి వచ్చాక మా ఆవిడ నడక ఆపి అడిగింది.

"మా నాన్న పది లక్షలిచ్చి బండ పగలగొడితే అది పెత్తనం. మీ నాన్న ఐదు లక్షలిచ్చి రిజిస్ట్రేషన్లో నా పేరు లేకుండా చేస్తే అది సలహానా?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ మాట అక్షరాలా నిజం.

రిజిస్ట్రేషనుకి ముందు రోజు మా నాన్న అన్నారు. "ఇద్దరి పేర్లెందుకురా? రేపు అమ్మాలన్నా మార్చాలన్నా ఇద్దరి సంతకాలు, తలనొప్పి. నీ పేరు మీదుంటే అమ్మాయిది కాకుండా పోతుందా?" చాలా తియ్యగా, చాలా లాజికల్‌గా అన్నారు. నేను మా ఆవిడ మొహం వైపు చూడలేదు. "సరే నాన్నా" అన్నాను. బ్యాంకు మాత్రం ఆమె జీతం కూడా లెక్కలోకి తీసుకుంది కాబట్టి అప్పు పత్రాల మీద ఆమె చేత సంతకాలు పెట్టించింది. అంటే ఏమయ్యింది? అప్పులో ఆమె సగం భాగస్వామి. ఇంట్లో సున్నా.

ఇంకోటి. అంతకు ముందు నెల మా అమ్మ వచ్చి పదిహేను రోజులుండి, వెళ్తూ వెళ్తూ మా ఆవిడ నగలు "సిటీలో దొంగల భయం" అని ఖమ్మం లాకరుకి పట్టుకెళ్ళింది. అప్పుడు నాకు కోపం రాలేదు. అమ్మ జాగ్రత్త అనుకున్నాను. మామగారి సుత్తి వినపడింది కానీ అమ్మ లాకరు తాళం చప్పుడు వినపడలేదు నాకు. చెవి ఒకటే, వింటున్నది వేరు.

ఆమె ప్రశ్నకి జవాబు చెప్పడానికి మూడు వారాలు పట్టింది. ఈ టపా ఆ జవాబే.

*

అత్తమామల జోక్యం గురించి ఎక్కడ చర్చ జరిగినా కాసేపట్లో రెండు జట్లు తయారవుతాయి. ఒక జట్టు అత్తల్ని తిడుతుంది, ఇంకో జట్టు కోడళ్ళని. ఈమధ్య మూడోది కూడా వచ్చింది, అల్లుడి ఇంట్లో కాపురం పెట్టే అత్తగార్లని తిట్టే జట్టు. మన సినిమాలు కూడా ఇదే నేర్పాయి. గయ్యాళి అత్త అంటే సూర్యకాంతం. ఆవిడ అరుస్తుంటే హాలంతా నవ్వింది. ఆ అరుపులు జరుగుతుండగా పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్న మగవాడి మీద ఎవరికీ కోపం రాలేదు.

నేననేది ఏమిటంటే, ఇది మంచి అత్త, చెడ్డ అత్త సమస్య కాదు. మా మామగారు చెడ్డవారు కాదు. మా నాన్న అంతకన్నా కాదు. మనిషిని మార్చినా సమస్య అలాగే ఉంటుందంటే తప్పు డిజైన్లో ఉన్నట్టు లెక్క. మన ఇళ్ళల్లో ఆ డిజైను ఏమిటంటే, డబ్బు కాగితం లేకుండా లోపలికి వస్తుంది. కాగితం లేని డబ్బు వడ్డీ అడగదు, పెత్తనం అడుగుతుంది. దాన్ని తీసుకున్న కొడుకో కూతురో తన తల్లిదండ్రుల ముందు నోరు మెదపరు. ఆ మౌనం ఖరీదు అవతలి పిల్లో పిల్లాడో కడతారు.

ప్రోనోటు రాస్తే మూడేళ్ళలో కోర్టుకి వెళ్ళకపోతే గడువు తీరిపోతుంది. మామగారు చేతికిచ్చిన పది లక్షలకి గడువే లేదు. స్టవ్వు ఎక్కడుండాలి, పిల్లలెప్పుడు, కారు ఏ రంగు, దసరాకి ఎవరింటికి... అన్నిటికీ ఆ పది లక్షలే చెల్లుతూ ఉంటాయి. తరగని అసలు. ఏ బ్యాంకువాడికీ రాని ఐడియా ఇది.

దీనికి మనం పెట్టుకున్న పేర్లు చూడండి. కట్నం తీసుకోలేదని కాలరెగరేస్తాం. అడ్వాన్సు కట్టే రోజు మాత్రం మామగారి చెక్కు తీసుకుంటాం. "వాళ్ళమ్మాయికే కదా ఇచ్చింది" అంటాం. మరి అమ్మాయి పేరు ఇంటి మీద ఉందా అంటే ఉండదు. వరకట్న నిషేధ చట్టం 1961 నుంచీ ఉంది. అంతకన్నా ముందే 1958లో ఆంధ్రప్రదేశ్ సొంతంగా ఒకటి చేసింది. పేరు మారిస్తే సరుకు మారుతుందా? మామగారి డబ్బుతో కొని నా ఒక్కడి పేరు మీద రాయించుకున్న ఇంటిని ఏమనాలో నాకు తెలుసు. చెప్పుకోడానికి సిగ్గేసి ఇన్నాళ్ళూ "హెల్పు" అన్నాను.

*

ఇక చట్టం సంగతి. ఆ మూడు వారాల్లో నేను చేసిన పని, ఉస్మానియా లా కాలేజీలో చదివిన ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టుకుని హిందూ వారసత్వ చట్టం, 1956 చదవడం. మనం రోజూ టెస్ట్ కేసులు రాస్తాం కదా, కుటుంబానికి ఎప్పుడైనా రాశామా? రాసి చూడండి. మాకు పిల్లల్లేరు, వీలునామాలు లేవు. ఇవీ ఇన్‌పుట్లు.

కేసు 1. ఇల్లు నా ఒక్కడి పేరు మీద ఉంది, నేను పోయాను. మగవాడి ఆస్తికి మొదటి వరుస వారసుల్లో భార్య, పిల్లలతో పాటు తల్లి కూడా ఉంటుంది. తండ్రి ఉండడు, ఆయన రెండో వరుస. అంటే ఇల్లు మా అమ్మకి సగం, మా ఆవిడకి సగం. మా అమ్మకి రావడం తప్పని నేననను. కానీ సగం ఈఎమ్ఐ కట్టిన మనిషి, తను కట్టిన దాంట్లోనే అత్తగారితో పంచుకోవాలి.

కేసు 2. ఇల్లు అలాగే ఉంది, మా ఆవిడ పోయింది. కాగితం మీద ఆమెకి ఏమీ లేదు, కాబట్టి ఎవరికీ ఏమీ రాదు. ఆమె కట్టిన కిస్తీలూ, వాళ్ళ నాన్న పది లక్షలూ అన్నీ నా ఇటుకల్లో కలిసిపోయాయి.

కేసు 3. బుద్ధొచ్చి ఇద్దరి పేర్లూ సగం సగం పెట్టించాం అనుకుందాం. ఆమె పోయింది. పిల్లలు లేని హిందూ స్త్రీ వాటా మొత్తం భర్తకి. ఆమెని కన్న తల్లికి ఒక్క రూపాయి రాదు. నేను పోతే మా అమ్మ నా భార్యతో సమానం, ఆమె పోతే వాళ్ళమ్మ ఎక్కడా లేదు. అదే చట్టం, అదే ఇల్లు.

కేసు 4. ఇది అసలు ఎడ్జ్ కేసు. ఇద్దరం ఒకే ప్రమాదంలో పోయాం. ఎవరు ముందో ఎవరికీ తెలీదు. చట్టంలో 21వ సెక్షను దీనికి సమాధానం రాసి పెట్టింది. వేరే రుజువు లేకపోతే వయసులో చిన్నవాళ్ళు తర్వాత పోయినట్టు లెక్క. మా ఆవిడ చిన్నది, కాబట్టి ముందు నేను పోయాను. నా సగంలో సగం మా అమ్మకి, సగం మా ఆవిడకి. తర్వాత ఆమె పోయింది. పిల్లల్లేరు, భర్త లేడు. అప్పుడు 15వ సెక్షను ప్రకారం ఆమె ఆస్తి ఎవరికి? ఆమె అమ్మానాన్నలకి కాదు. ముందు భర్త వారసులకి. అంటే మా అమ్మకి. ఆమె తల్లిదండ్రులు వరుసలో ఆ తర్వాత.

పోనీ ఆమే పెద్దది అనుకుని మళ్ళీ రన్ చెయ్యండి. ఆమె ముందు పోయింది, ఆమె వాటా నాకు. తర్వాత నేను పోయాను, మొత్తం మా అమ్మకి. ఏ బ్రాంచిలోకి వెళ్ళినా అవుట్‌పుట్ ఒక్కటే! పది లక్షలిచ్చిన మామగారి చేతికి తిరిగొచ్చేది, తను కొట్టించిన గ్రానైటు ముక్కలు.

"తండ్రి నుంచి వచ్చిన ఆస్తి పుట్టింటికే తిరిగి వెళ్తుంది కదా" అని మీలో ఎవరో అంటారు. వెళ్తుంది, కానీ అది వారసత్వంగా వచ్చిన ఆస్తికి. బతికుండగా చేత్తో ఇచ్చిన డబ్బుకీ, ఆమె సొంత జీతంతో కొన్నదానికీ అది వర్తించదు.

ఇదంతా ఊహ అనుకుంటారేమో. 2009లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఓంప్రకాశ్ వర్సెస్ రాధాచరణ్ కేసు చదవండి. ఒకావిడకి 1955లో పెళ్ళయ్యింది. మూడు నెలల్లోనే భర్త పోయాడు. అత్తవారు ఇంట్లోంచి వెళ్ళగొట్టారు. మళ్ళీ ఏనాడూ ఆ గడప తొక్కలేదు. పుట్టింటివారు చదివించారు, ఉద్యోగం చేసింది, దాచుకుంది. 1996లో వీలునామా లేకుండా చనిపోయింది. బ్యాంకు ఖాతాల్లో డబ్బుంది, ప్రావిడెంట్ ఫండు ఉంది. ఆ డబ్బు కోసం ఒకవైపు కన్నతల్లి, మరోవైపు భర్త అక్కచెల్లెళ్ళ వైపు సంతానం. ఎవరికొచ్చింది? నలభై ఏళ్ళ కింద తరిమేసిన అత్తింటి వైపుకే. సానుభూతిని బట్టి చట్టాన్ని మార్చి చదవలేమని కోర్టు చెప్పింది. లా కమిషను అంతకు ముందే, 2008లో, తన 207వ నివేదికలో ఈ సెక్షను మార్చమని సిఫారసు చేసింది. మారలేదు. 2025 నవంబరులో సుప్రీంకోర్టే హిందూ స్త్రీలని వీలునామా రాసిపెట్టుకోమని విజ్ఞప్తి చేసింది. దేశంలో అతి పెద్ద కోర్టు "అమ్మా, కాగితం రాసుకోండి" అంటోంది. మనమింకా "మన మధ్య కాగితాలేంటండీ" అంటున్నాం.

*

మన తెలుగువాళ్ళకి చట్టాలు కొత్త కాదు. దేశమంతటా కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు వచ్చింది 2005లో. మనకి అంతకు ఇరవై ఏళ్ళ ముందే, ఎన్టీ రామారావు ప్రభుత్వం ఉండగా, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఆ సవరణ వచ్చింది (అప్పటికే పెళ్ళైపోయిన వాళ్ళకి తప్ప). నలభై ఏళ్ళుగా హక్కు ఉంది. ఆ హక్కుతో మనం చేసిందేమిటి? హక్కు విడుదల పత్రం అని ఒకటి ఉంది కదా, దాన్ని బాగా వాడుకోవడం నేర్చుకున్నాం. మా చెల్లెలు పెళ్ళికి ముందు సంతకం పెట్టింది. "దానికి పెళ్ళి ఘనంగా చేస్తున్నాం కదా" అన్నారు నాన్న. నేను అక్కడే ఉన్నాను. కాఫీ తాగుతున్నాను. అదే నాన్న మొన్న "కోడలికి నాచారం స్థలంలో వాటా రావాలి కదరా, అడగమను" అన్నారు. కూతురు వాటా వదలాలి, కోడలు వాటా తేవాలి. ఒకే మనిషి, ఒకే చట్టం, రెండు వెర్షన్లు. ఇందులో లాభపడ్డవాణ్ణి నేను. బగ్ ఎవరికి లాభమో వాడు బగ్ రిపోర్టు చెయ్యడు.

కొందరు ఇంకో అడుగు ముందుకేస్తారు. గొడవలెందుకని ఇల్లు అమ్మ పేరు మీద కొంటారు. కోడలికి కోర్టులో కూడా ఏమీ దొరకదని వాళ్ళ ధీమా. బాబూ, 2016లో మార్చిన బినామీ చట్టం చదివారా? సరైన ఆదాయంతో భార్య పేరు మీదో పిల్లల పేరు మీదో కొంటే మినహాయింపు ఉంది. తల్లిదండ్రుల విషయంలో ఆ మినహాయింపు కావాలంటే పత్రంలో మీ పేరు కూడా ఉమ్మడిగా ఉండాలి. డబ్బు మొత్తం మీది, పేరు అమ్మది ఒక్కదానిదే అయితే ఆ గొడుగు కింద మీరు లేరు. కోడలికి దక్కకూడదని కొన్న ఇల్లు సర్కారుకి దక్కే దారి అది.

నగల సంగతి అయితే ఎప్పుడో తేలిపోయింది. స్త్రీధనం ఆమె సొంతం, అత్తింటివారి చేతిలో ఉన్నా వాళ్ళది కాపలా మాత్రమేనని సుప్రీంకోర్టు 1985లోనే ప్రతిభారాణి కేసులో చెప్పింది. మా అమ్మకి ఈ కేసు పేరు చెప్పలేదు. చెప్తే ఖమ్మం నుంచి నడిచొచ్చి కొడుతుంది :-)

*

నా మీద పడబోయే రాళ్ళు నాకు తెలుసు. ఒక్కొక్కటే ఏరుతాను.

"పెద్దవాళ్ళు పొలాలమ్మి చదివించారు. వాళ్ళకి ఆమాత్రం హక్కు లేదా?" ఉంది. నా మీద ఉంది. నా జీతం మీద, నా సమయం మీద, నా భుజం మీద ఉంది. వృద్ధులైన తల్లిదండ్రుల్ని చూసుకోవడం పిల్లల విధి అని 2007 చట్టం కూడా చెప్తోంది. కొడుకూ కూతురూ ఇద్దరి పేర్లూ అందులో ఉన్నాయి, గమనించండి. మరి కోడలు వాళ్ళమ్మకి నెలకి పదివేలు పంపితే మన ఇళ్ళల్లో అన్నం దగ్గర ఎందుకంత నిశ్శబ్దం? మా నాన్న అప్పు నేను తీరుస్తాను. మా ఆవిడ పేరు తీసేసి తీర్చడం అంటే పక్కవాడి జేబులోంచి తీసి అప్పు కట్టడం.

"చట్టాలన్నీ ఆడవాళ్ళ వైపే ఉన్నాయి." పైన నాలుగు కేసులూ మళ్ళీ చదవండి. అది చాలకపోతే, సరైన కారణం లేకుండా తల్లిదండ్రుల నుంచి విడిపొమ్మని భర్తని పోరుపెట్టడం క్రూరత్వమని 2016లో సుప్రీంకోర్టు అన్నది కూడా చదవండి. భార్య చేత పుట్టింటిని వదిలించడం క్రూరత్వమని ఎవరైనా అనుకుంటారా మన దగ్గర? దాన్ని పెళ్ళి అంటారు.

"ఇదంతా పాశ్చాత్య పైత్యం. మన సంస్కృతిలో కుటుంబంలో కాగితాలుండవు." ఇది మాత్రం పచ్చి అబద్ధం. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, బావి ఎవరికి, గట్టు మీది చింతచెట్టు ఎవరికి అని పంపకాల కాగితం రాసుకున్న జాతి మనది. సొంత బావమరిదికి అప్పిచ్చినా ప్రోనోటు రాయించుకునే వాళ్ళం. పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరానికి సరిహద్దులు రాసేవాళ్ళం. కాగితాలు మన సంస్కృతిలో ఉన్నాయి. ఇంటికొచ్చిన ఆడపిల్ల పేరు రాయాల్సి వచ్చినప్పుడే "మన మధ్య కాగితాలేంటి" గుర్తొస్తుంది.

హద్దు రాయకపోతే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. మా ఉస్మానియా క్యాంపస్ చుట్టూ ఉన్న భూముల ఆక్రమణ గొడవలు ఎన్నేళ్ళుగా పేపర్లలో చదువుతున్నాం? ఎవడూ ఒక్క రాత్రిలో వచ్చి ఆక్రమించడు. ముందు ఒక రేకు, తర్వాత ఒక గోడ, తర్వాత ఒక గేటు. ఇళ్ళూ అంతే. ముందు దేవుడి పటం, తర్వాత స్టవ్వు, తర్వాత లాకరు.

*

సరే, విమర్శించడం తేలిక, మరి ఏం చెయ్యాలి? మేం చేసింది చెప్తాను. మాది గొప్ప అనడం లేదు, ఆలస్యంగా చేశాం.

మొదటిది, ఎవరి అమ్మానాన్నలతో వాళ్ళే మాట్లాడాలి. మామగారితో నేను మాట్లాడితే అల్లుడి పొగరు, మా అమ్మతో మా ఆవిడ మాట్లాడితే కోడలి నోటిదురుసు. అదే మాట సొంత బిడ్డ అంటే కోపం వస్తుంది, తగ్గుతుంది. ఈ పని భార్య మీదకో భర్త మీదకో తోసేసి తను మంచివాడిగా మిగిలిపోయేవాడే (నేనే) అసలు దోషి.

రెండోది, డబ్బుకి రెండే పేర్లు. అప్పు లేదా బహుమతి. మూడో పేరు లేదు. మామగారి పది లక్షలకి ఇద్దరం కలిసి ప్రోనోటు రాసిచ్చాం, నెలనెలా తీరుస్తున్నాం. ఆయన బాధపడ్డారు. "నన్ను వడ్డీవ్యాపారిని చేశారు" అన్నారు. వడ్డీ లేదని చెప్పాం. మా నాన్న ఐదు లక్షలకి అడిగితే "నాకేం వద్దు, నీకే ఇచ్చాను" అన్నారు. అయితే బహుమతి అని ఒక వాక్యం రాసివ్వమన్నాను. నాన్న కాసేపు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. రాసిచ్చారు.

మూడోది, కిస్తీ కట్టే చెయ్యి దస్తావేజులో ఉండాలి. ఇల్లు తాకట్టులో ఉంది కాబట్టి బ్యాంకు ఒప్పుకోవాలి. సగం ఆమె పేరు మీదకి మార్చడానికి దరఖాస్తు పెట్టాం, తిరుగుతున్నాం. మొదటి రోజే రెండు పేర్లు రాయించి ఉంటే ఈ తిరుగుడూ, ఈ ఖర్చూ ఉండేవి కాదు. నా ఒక్క "సరే నాన్నా" ఖరీదు ఇది.

నాలుగోది, వీలునామా. ఇరవైల్లో వీలునామా ఏంటని నవ్వకండి. స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, వాళ్ళ చేత సంతకం పెట్టించాలి. బ్యాంకులో నామినీ రాశాం కదా అంటారేమో, నామినీ అంటే ఆ డబ్బు అందుకునే మనిషి, వారసుడు కాదు. మేమిద్దరం ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని రాసుకున్నాం. ఇద్దరం పోతే ఇల్లు అమ్మగా వచ్చింది రెండు వైపుల తల్లిదండ్రులకీ సమానంగా. రాస్తున్నప్పుడు మా ఆవిడ ఏడ్చింది. చావు గురించి అనుకున్నాను. కాదట. "నా జీతం మీద మా అమ్మ పేరు మొదటిసారి చూస్తున్నాను" అంది.

ఇదంతా చేశాక అందరూ సుఖంగా ఉన్నారని చెప్పను. మా అమ్మ రెండు వారాలు ఫోన్ ఎత్తలేదు. మూడో వారం తనే వచ్చి నగల డబ్బా టేబుల్ మీద పెట్టి, "లెక్క చూసుకోమను" అని మా ఆవిడకి వినపడేలా నాతో అంది. ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకోవాలి కూడా. మా చెల్లెలి సంతకం సంగతి ఇంకా నా మెడ మీదే ఉంది. నాన్నతో ఆ మాట ఎత్తడానికి ధైర్యం కూడగట్టుకుంటున్నాను. ఊళ్ళోవాళ్ళకి నీతులు చెప్పి అక్కడ ఆగిపోతే నాకన్నా దొంగ ఉండడు.

తాళం మార్చలేదు. మామగారి దగ్గరున్న తాళంచెవి మా ఆవిడే అడిగి వెనక్కి తీసుకుంది. మొన్న ఆదివారం ఆయన కింద గేటు దగ్గర నుంచి ఫోన్ చేసి, "బాబూ, రావచ్చా?" అన్నారు. నాకు సిగ్గేసింది, నిజం. పరుగెత్తుకెళ్ళి తలుపు తీశాను. స్టవ్వు ఇప్పుడు ఆగ్నేయంలోనే ఉంది, బండ పగిలాక ఇంకేం చేస్తాం? ఆ స్టవ్వు మీదే కాఫీ పెట్టిచ్చాను.

మీరు ఇంటికెళ్ళాక ఒక పని చెయ్యండి. బీరువాలో దస్తావేజు కాపీ ఉంటుంది. తీసి ఎవరి పేరుందో చూడండి. పక్కన బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టి కిస్తీ ఎవరు కడుతున్నారో చూడండి. ఆ రెండూ సరిపోలకపోతే, మీ అత్తగారిని తిట్టే హక్కు మీకు లేదు.